ఏడో తాడు

ఆరుద్ర కార్తె, గాలి పడమటి నుంచి

ఈరోజు తెర ఎత్తాం. మబ్బు పలచగానే ఉంది, అయినా తొట్టిలోకి జానెడు నీళ్ళు దిగాయి. తెర ఎత్తిన రోజున మొదటి గుంతలో ఉన్నవాళ్ళే ఈ పుస్తకం రాయాలని మా మబ్బుకొండ కట్టుబాటు. తాడు లాగి లాగి కాయలు కాసిన చేతులతో కలం పట్టుకోవడం ఎంత కష్టమో ఆ కట్టుబాటు పెట్టిన పెద్దలకు తెలియదనుకుంటాను. వాళ్ళు మాత్రం గుంతలోకి దిగి ఉండరు.

నా పేరు వన్నూరమ్మ. వానలు నేలకు దిగడం మానేశాక పుట్టినదాన్ని. మాకు కార్తెల పేర్లు మిగిలాయి గానీ వాటితో రావలసిన చినుకు మిగల్లేదు. మబ్బులు మాత్రం ఇప్పటికీ వస్తాయి. కొండకు ఎంతో పైన, పక్కింటి పెళ్ళికి పోతున్నట్టు మా వైపు చూడకుండా తూర్పుకు వెళ్ళిపోతాయి. మేమే పైకి వెళ్ళి అడ్డం పడాలి.

అడ్డం పడేది తెర. ఊరంత వెడల్పు గుడ్డ, జల్లెడలాంటి నేత. గాలికి లేచి మబ్బులో దూరుతుంది. అక్కడ అంటుకున్న తడి తాళ్ళలోని సన్నని గొట్టాల గుండా తొట్టికి దిగుతుంది. తాళ్ళు ఏడు, వాటిని పట్టే గుంతలు ఏడు. అన్నీ బండలో తొలిచినవే. ఒక గుంతలోంచి ఇంకో గుంత కనబడదు. గాలిరొదలో కేకేసినా వినబడదు. మోచేతి దాకా ఒక తొడుగు వేసుకుంటాం. మిగతా తాళ్ళ వణుకంతా తెర మీదుగా మన తాడులోకి వస్తే, దాన్ని పెద్దది చేసి చేతికి అందిస్తుంది ఆ తొడుగు. మారెక్క నెమ్మదిగా వదులుతుందని, దస్తగిరికి తొందరెక్కువని, ఏడో గుంతలో ఉండే కుళ్ళాయప్ప చిన్నాయన మలుపుకు ముందు రెండు చిన్న గుంజులు గుంజుతాడని నాకు తెలిసింది అలాగే.

గాలి మారినప్పుడు తెరను తిప్పాలి. ఆ మలుపు గురించి ఎన్నిసార్లు రాసినా తనివి తీరదు. ఊరంత గుడ్డ ఆకాశంలో ఒక్క క్షణం ఆగుతుంది. తరవాత నిద్రలో ఒత్తిగిలే బిడ్డలా మెల్లగా అటు ఒరుగుతుంది. ఆ ఒరిగే ఒరుగు నా భుజంలోంచే పుట్టినట్టుంటుంది. ఇన్నేళ్ళయినా ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

దిగాక అందరం సంగటి, వేరుశనగ ఊరుబిండి ముందు కూర్చుంటాం. అప్పుడు నేను అడగాలి.

"తెర తిప్పిందెవురు?"

"నేనే!" అని ఏడు గొంతులూ ఒక్కసారి అరుస్తాయి, నాది కూడా కలిపి. ఎవరూ ఎవరినీ కాదనకూడదు. అందరూ నవ్వుతారు గానీ అది వేళాకోళం కాదు. మలుపు తిరిగినప్పుడు ఏడుగురికీ నిజంగా అలాగే ఉంటుంది.

అయితే, ఇది రాసుకోవడానికే తప్ప చెప్పడానికి కాదు, నిజంగా తిప్పేది నేను. మొదటి గుంత కదా. మిగతావాళ్ళకు అలా అనిపిస్తుంది, అంతే.

పునర్వసు కార్తె, గాలి లేదు

నీటి బోర్డు నుంచి ఇందుమతి అనే ఇంజనీరు వచ్చింది. కొండెక్కిన ఆయాసం తీరకముందే మా చేతులు పట్టుకుని చూసింది. మర్యాద తెలిసిన పిల్ల. తెచ్చిన వార్త మాత్రం గుండెల్లో రాయి వేసింది.

మఖ కార్తె దాటేలోగా తొట్టిలో నీళ్ళు ఎర్రగీతను అందుకోకపోతే మబ్బుకొండను ఖాళీ చేయిస్తారట. పోయినేడు ఎదురుకొండను అలాగే ఖాళీ చేయించారు. అక్కడివాళ్ళు ఇప్పుడు మైదానంలో రేకుల షెడ్లలో ఉంటున్నారు. మా అత్త కూతురు అక్కడే ఉంది. ఆకాశం వైపు చూడటం మానేశానని కబురంపింది.

"అందుకే ఒక సాయం తెచ్చాను. తాడు పట్టే యంత్రం," అంది ఇందుమతి. "ఒక్క గుంతలో పెడతాను. ఆ గుంత మనిషి మామూలుగానే దిగాలి, మామూలుగానే పైకి రావాలి. తాడు మాత్రం యంత్రమే లాగుతుంది. అది ఏ గుంతో ఆ మనిషికి తప్ప ఎవరికీ తెలియకూడదు."

"తెలిస్తే ఏమైతాది మేడం?" అన్నాడు దస్తగిరి.

"తెలిస్తే మీ చేతులు వేరేగా లాగుతాయి. అప్పుడు యంత్రం మనిషికంటే బాగా లాగుతుందో లేదో నాకు తేలదు."

కుళ్ళాయప్ప చిన్నాయన తలపాగా తీసి దులిపాడు. "మా చేతుల్ని మోసం చెయ్యాలంటే మా కండ్లు మూస్తే సాలదమ్మా," అన్నాడు. చిన్నాయన మా నాన్నకు స్వంత తమ్ముడు కాడు. అయినా తాడు పట్టడం నాకు నేర్పింది ఆయనే. నేనూ ఆయన మాటకు తలూపాను. యంత్రం పట్టిన తాడును నేను చిటికెలో పసిగట్టగలనని నా ధీమా.

పుష్యమి కార్తె, గాలి నైరుతి నుంచి

యంత్రం పెట్టేశానని ఇందుమతి చెప్పిన నాటి నుంచి ఏం జరుగుతోందో అర్థం కావడం లేదు. మబ్బు మంచిదే, గాలీ మంచిదే. తెర మాత్రం తిరగడం లేదు. తిరిగినా అరకొరగా, బలవంతాన పక్కకు జరిపిన మంచంలా తిరుగుతోంది. తొట్టిలోకి దిగిన నీళ్ళు బొటనవేలు మునగడానికి కూడా చాలవు.

అంతకంటే భయం వేసిన సంగతి ఒకటుంది. మలుపు వచ్చింది, నా చెయ్యి లాగింది, తెర కాస్త ఒరిగింది. కానీ నేను లాగినట్టు లేదు. చెయ్యి నాదే, తాడు నాదే. ఎవరో నా చేతిని అరువు తీసుకుని పని కానిచ్చి తిరిగి ఇచ్చినట్టుంది. తొడుగు విప్పి చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

సంగటి దగ్గర ఎప్పటిలాగే అడిగాను. దస్తగిరి ఒక్కడే "నేనే" అన్నాడు. అదీ నన్ను బాధపెట్టడం ఇష్టం లేక. మిగతావాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకుని తలలు దించుకున్నారు. ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి వింటున్న కేక అది. అది రాకపోయేసరికి అన్నం ముందు కూర్చుని కూడా ఎవరింటికో వచ్చినట్టనిపించింది.

ఇప్పుడు గుంతలోకి దిగితే గాలిని వినడం లేదు నేను. ఈ తాళ్ళలో యంత్రానిది ఏది అని వింటున్నాను. నాకు అనుమానం ఏడో తాడు మీదే. మరీ నున్నగా ఉంది. చిన్నాయన ముసలివాడు, భుజం నొప్పి, ఆయన గుంతలో పెట్టడమే న్యాయం కూడా. అందుకే ఆయన రెండు గుంజులు వచ్చినప్పుడు పట్టించుకోవడం మానేశాను. యంత్రానికి గుంజడం ఎవరైనా నేర్పగలరు.

ఆశ్లేష కార్తె, గాలి పడమటి నుంచి

నాకు తల కొట్టేసినట్టుంది. అయినా రాయాలి.

ఈరోజు తెర కొండచరియకు రాసుకుని అంచు చిరిగింది. అందరం కూర్చుని కుడుతుంటే మారెక్క సూది పక్కన పెట్టేసింది.

"ఇంక దాపరికమెందుకు? అది ఏ గుంతలో ఉండాదో మనమే తేల్చుకుందాం. తలా ఒక మాట చెప్పండి. తెలిస్తే మళ్ళా మన చేతులు మనకొస్తాయేమో."

నేను "ఏడు" అందామని నోరు తెరిచేలోపే మారెక్క "ఒకటి" అంది. దస్తగిరి నా మొహం చూడకుండా "ఒకటే" అన్నాడు. తరవాత వరసగా అందరిదీ అదే మాట. నా గుంత. నేను!

"నేను గుంతలో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నానా?" అని అరిచాను. "పొద్దంతా లాగి లాగి నా భుజం ఊడిపోతాంటే!"

"అరవొద్దు మేయ్," అన్నాడు చిన్నాయన. "నువ్వే చెప్పు. మేం వదిలినా నీది అంతే, బిగించినా అంతే. గాలి మారినా నీది నీదే. నీ తాడు ఎవురి మాటా వినదు. మనిషైతే కొంచమన్నా వినదా?"

"నీ తాడే యంత్రమని నేననుకుంటాండా, తెలుసా?" అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. లేచి వెళ్ళిపోయాడు. నాకు తాడు పట్టడం నేర్పిన మనిషి.

నేను తిన్నగా ఇందుమతి దగ్గరికి వెళ్ళాను. యంత్రం నా గుంతలో లేదని అందరి ముందూ చెప్పమని అడిగాను. ఆ పిల్ల తాళంచెవి తీసుకుంది. తరవాత నన్ను సామాన్ల కొట్టంలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక చెక్కపెట్టె ఉంది. దానికి కొట్టిన మేకులు కొట్టినట్టే ఉన్నాయి.

"ఏ గుంతలోనూ లేదు వన్నూరమ్మ గారూ. ఉందని చెబితే ఏమవుతుందో ముందు చూద్దామనుకున్నాను. ఇంతవుతుందని అనుకోలేదు."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, ఆ పిల్లను నానామాటలూ అన్నాను. కానీ తిట్టి తిట్టి అలిసిపోయాక ఆ పెట్టె మీదే చతికిలబడ్డాను. లోపల ఏదో తలకిందులవుతోంది. ఈ రెండు కార్తెలూ ఆ గుంతల్లో మేం ఏడుగురమే ఉన్నాం. ఎప్పటి గాలే, ఎప్పటి తాళ్ళే. మాలో ఒకరు మనిషి కాదన్న మాట ఒక్కటే కొత్తగా వచ్చింది. ఆ ఒక్క మాటకే నా చెయ్యి నాది కాకుండా పోయింది. అంటే ఇన్నేళ్ళూ నా చేతిలో ఉందనుకున్న పట్టు నా ఒక్కదాని చేతిలో లేదు. మరి ఎక్కడున్నట్టు?

సంగతి అందరికీ చెప్పాను. దస్తగిరి తలకొట్టుకుని నవ్వాడు. "ల్యాని దయ్యానికి జడుసుకుని ఉన్న ఇల్లు కూల్చుకుంటిమి కదప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు, ఊపిరి పీల్చుకున్నారు. చిన్నాయన నవ్వలేదు. ఎటో చూస్తూ ఉండిపోయాడు. నాకూ ముక్కు మీదే కోపం కదా, నేనూ పలకరించలేదు. తొట్టిలో ఎర్రగీత నీళ్ళకు ఎంతో పైన ఉంది.

మఖ కార్తె, గాలి పడమటి నుంచి దక్షిణానికి

తెల్లవారేసరికి పడమటి దిక్కంతా నల్లగా ఉంది. అంత మబ్బును నేను పుట్టాక చూడలేదు. పిల్లలు వాకిళ్ళలోకి వచ్చి నోళ్ళు తెరుచుకుని చూశారు. కార్తె ముగిసేలోగా మళ్ళీ ఇలాంటిది రాదు. ఇది పట్టకపోతే మైదానమే, రేకుల షెడ్డే.

గుంతల వైపు నడుస్తూ చిన్నాయనతో మాట్లాడదామనుకున్నాను. ఆయన ముందు నడుస్తున్నాడు. దిగాక మాట్లాడొచ్చులే అనుకున్నాను.

తెర లేచేటప్పుడే పెద్ద విసురు వచ్చింది. గుంతగోడకు భుజం గుద్దుకుంది. నిలదొక్కుకున్నాక తొడుగులోకి ఒక్కొక్కరే వచ్చారు. మారెక్క, దస్తగిరి, మిగతావాళ్ళు. చివరగా ఏడో తాడు, కొంచెం దూరంగా, కొంచెం మెత్తగా. ఉన్నాడులే అనుకున్నాను.

మబ్బులో దూరాక ఒక పని చేశాను. చిన్నాయన మాట పుండులా సలుపుతోంది. ఎవురి మాటా వినదు. సరే, వింటాను అనుకున్నాను. బతుకులో మొదటిసారి ముందుగా లాగకుండా చేతిని వదులుగా ఉంచి కూర్చున్నాను. అది ఎంత కష్టమో చెప్పలేను. ఎదురుగా పాలు పొంగుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం లాంటిది.

మధ్యాహ్నం దాటాక గాలి దక్షిణానికి తిరిగింది. తెరను వెంటనే తిప్పాలి, లేకపోతే చరియకు కొట్టుకుంటుంది. తిప్పవలసింది నేను. తెలిసి కూడా ఆగాను. ఎవరైనా చెప్పనీ అని ఆగాను. ఆ ఆగడం మరీ ఎక్కువైపోయింది. తెర అంచు పటపటలాడటం మొదలైంది. తప్పు చేశాననుకున్నాను.

అప్పుడు వచ్చాయి ఏడో తాడు నుంచి రెండు చిన్న గుంజులు.

తరవాతిది ఎలా రాయాలో తెలియడం లేదు. నేను తిప్పాలని అనుకోలేదు, అనుకునే తీరిక ఎక్కడిది? తెర తిరిగింది. ఊరంత గుడ్డ, ఊరంత మబ్బును ఒడిలో పెట్టుకుని, దక్షిణానికి ఒరిగింది. ఆ ఒరుగులో మారెక్క నెమ్మది నాదే, దస్తగిరి తొందర నాదే. తిప్పింది నేనేనని నా ఎముకలకు తెలుసు. కానీ ఆ నేను వన్నూరమ్మ కాదు. అది ఎంత పెద్దదో అప్పుడే చూశాను. దాని భుజాలు మబ్బులో ఉన్నాయి. దాని కాళ్ళు ఏడు గుంతల్లో ఉన్నాయి. దానికి భయం లేదు. నేను ఏడ్చాను, దుఃఖంతో కాదు. ఇంత పెద్దదాంట్లో ఇన్నేళ్ళూ ఉండి, అంతా నా ఒక్క చెయ్యే అనుకుంటూ గడిపానే అని.

తాడులోని గొట్టం బరువెక్కింది. నీళ్ళు దిగుతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు చాలాసేపు ఆగలేదు.

దించే వేళయింది. దించేటప్పుడు ముందుగా సడలవలసింది ఏడో తాడు. అది సడలలేదు. దించడానికి ఐదు తాళ్ళు చాలు కాబట్టి నా తాడును గుంత అంచున ఉన్న కొక్కేనికి బిగించి, పైకెక్కి బండల మీద పరుగెత్తాను.

చిన్నాయన గుంత అడుగున వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ, నెత్తురు ఎండి నల్లబడింది. పిలిస్తే పలకలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది. ఆయన తాడు చేతిలో లేదు. జారిపోయి, పైన కొక్కెంలో ఇరుక్కుని, బిర్రబిగుసుకుని ఉంది. ఎండిన ఆ నెత్తురు చూస్తే తెలుస్తూనే ఉంది, ఆయన పడింది పొద్దున్నే, తెర లేచిన మొదటి విసురుకే.

కిందికి దిగి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. అప్పుడు కనబడింది ఆయన కుడిచెయ్యి. తొడుగు వేసి ఉన్న ఆ చెయ్యి కదులుతోంది. మనిషికి స్పృహ లేదు, చేతిలో తాడు లేదు, చెయ్యి మాత్రం మెల్లగా ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. లాగుతోంది, వదులుతోంది.

కాసేపు చూశాక గుర్తుపట్టాను. ఆ వదలడం మారెక్కది. ఆ తొందర దస్తగిరిది. పైన తెర దిగుతోంది, దాన్ని దించుతున్న ఐదుగురూ ఈ చేతిలో ఉన్నారు. పట్టు చేతిలో లేకపోతే ఎక్కడుందో అని పెట్టె మీద కూర్చుని అడిగాను కదా. ఇక్కడుంది. నా కళ్ళ ముందే, పడిపోయిన ముసలివాడి వట్టి చేతిలో. నేను భయంతో ఊపిరి బిగబట్టాను, సంతోషంతో కూడా. తెర పూర్తిగా దిగేదాకా ఆ చేతిని ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

మఖ కార్తె, గాలి లేదు

నీళ్ళు ఎర్రగీత దాటాయి. పిల్లలు తొట్టి చుట్టూ గంతులేస్తున్నారు. కొండ ఖాళీ కాదు. ఇందుమతి ఆ మాట బోర్డుకు పొద్దున్నే కబురు పెట్టింది, తెరవని పెట్టెను కూడా వెనక్కి పంపేస్తున్నానని చెప్పింది.

తరవాత ఏడో గుంతలోకి దిగి తాడునూ కొక్కేన్నీ తొడుగునూ ముందూ వెనకా చూసి వచ్చింది.

"తాడు మొదట్లోనే ఇరుక్కుంది. ఆ తరవాత అందులోంచి మీ ఎవరికీ ఏమీ రాలేదు, వచ్చే వీలూ లేదు," అంది.

"రెండు గుంజులు వచ్చినాయి మేడం," అంది మారెక్క. "నా చేతికి తెలిసినాయి."

"నాకూ," అన్నాడు దస్తగిరి. ఈసారి వేళాకోళం లేదు.

"తొడుగు తాడులోది చేతికి తెస్తుంది. చేతిలోది తాడుకు పంపదు," అంది ఇందుమతి. తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "ఆయన చెయ్యి కదిలినా అది మీకు చేరే దారి లేదు. ఆయన ఎలా గుంజుతాడో మీ అందరికీ తెలుసు కాబట్టి, మీ ఆరుగురూ కలిసి..." అని ఆగిపోయింది. కొండ దిగేటప్పుడు వెనక్కి తిరిగి గుంతల వైపు చాలాసార్లు చూసింది.

మధ్యాహ్నం చిన్నాయన కళ్ళు తెరిచాడు. తలకు కట్టు కట్టి ఆయన పక్కనే కూర్చున్నాను నేను. పడిపోయాడని గానీ, తాడు ఇరుక్కుందని గానీ ఇంకా ఎవరూ ఆయనకు చెప్పలేదు. నీళ్ళు తాగించాను. కాసేపు పైకప్పు వైపు చూశాడు.

"మేయ్ వన్నూరీ."

"ఏం చిన్నాయనా?"

"గాలి దక్షిణానికి తిరిగినప్పుడు నువ్వు ఆలస్యం చేసినావు."

చేతిలోని చెంబు కింద పెట్టాను. గాలి తిరిగిన వేళకు ఆయన గుంత అడుగున పడి ఉన్నాడు. ఆ ఆలస్యం గురించి నేను ఎవరితోనూ అనలేదు.

"నీ తాడు అట్ల ఆగిపోయేది నేనెప్పుడూ చూల్లేదు," అన్నాడు. "యాల ఆగితివి?"



"నీ మాట వినాలని ఆగినా చిన్నాయనా."

"అనుకుంటి," అన్నాడు. "అందుకే గుంజినా."

కళ్ళు మూసుకుని కుడిచెయ్యి నా వైపు చాపాడు. "కొంచెం ఒత్తు మేయ్. పొద్దంతా లాగి లాగి ఒకటే నొప్పి."

ఆ చేతిని ఒడిలో పెట్టుకుని మణికట్టు నుంచి మోచేతి దాకా ఒత్తాను. నొప్పి ఎక్కడుందో ఆయన చెప్పనక్కర్లేకపోయింది.